రేకు కన్నా ముందు ఫొటో



నా చేతిలో ఇప్పుడొక ఇత్తడి రేకు ఉంది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, కాగితమంత పల్చనిది. చట్రంలో చిన్న చిన్న ఆకారాలు అతుక్కుని ఉన్నాయి: పైలట్ సీటు పట్టీలు, ఆ పట్టీల బకిల్స్, కాళ్లతో తొక్కే పెడల్స్, వెనక చూపించే అద్దం చట్రం. ఒక్కో బకిల్ ఆవగింజ కన్నా చిన్నది. ప్లాస్టిక్ కిట్లతో విమానం మోడళ్లు కట్టేవాళ్ల కోసం విడిగా అమ్మే భాగాలివి. కిట్టు ఒక కంపెనీ చేస్తుంది. అందులో లేనివి, ఉన్నా సరిగా లేనివి వేరే కంపెనీలు చేసి అమ్ముతాయి. వీటినే ఆఫ్టర్‌మార్కెట్ భాగాలంటారు.

చాలా ఏళ్లుగా నా తీరిక వేళలన్నీ ఈ పని మీదే గడిచాయి. ఇన్నేళ్లలో నేర్చుకున్నదాన్ని ఒక్క ముక్కలో చెప్పమంటే, రేకు కొనేముందు ఫొటో చూడాలి అంటాను. ఈ మాట ఎందుకంటున్నానో ఈ పూట మీకు వివరంగా చెబుతాను.

ముందు కొలత సంగతి. విమానం మోడళ్లలో బాగా వాడుకలో ఉన్న స్కేలు 1/72. అసలు విమానంలో డెబ్బై రెండో వంతు. అడుగులు, అంగుళాల లెక్కలున్న దేశాల్లో పుట్టిన స్కేలిది. ఆరడుగుల మనిషి ఇందులో సరిగ్గా ఒక్క అంగుళం అవుతాడు. బ్రిటన్‌లో ఫ్రాగ్ కంపెనీ 1936లో పెంగ్విన్ పేరుతో తెచ్చిన ప్లాస్టిక్ కిట్లు ఈ స్కేల్లోవే. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, అమెరికా నౌకాదళం బడిపిల్లల చేత ఐదు లక్షల మోడళ్లు చేయించాలని పూనుకుంది. అవీ ఇదే స్కేలు. ఆకారం చూసి విమానం ఎవరిదో గుర్తుపట్టడం సైనికులకు నేర్పడానికి వాటిని వాడారు. పది మీటర్ల దూరంలో పట్టుకున్న మోడల్, 720 మీటర్ల దూరంలో ఎగిరే విమానమంత కనిపిస్తుంది. చూడడం నేర్పడమనే పని ఈ మోడళ్లకు ఆనాటినుంచే ఉంది. నాకు వీటి మీద గౌరవం కలగడానికి కారణం అదే.

మరి కిట్టులో ఇచ్చింది ఎందుకు చాలదు? ప్లాస్టిక్ భాగం ఉక్కు అచ్చులో తయారవుతుంది. కరిగిన ప్లాస్టిక్ అచ్చులో మూలమూలకీ పారాలి. చల్లారాక భాగం విరగకుండా ఊడి రావాలి. కాబట్టి మరీ పల్చగా చేయడం కుదరదు. రెక్క వెనక అంచు అర మిల్లీమీటరు మందం ఉందనుకోండి. డెబ్బై రెండుతో హెచ్చిస్తే 36 మిల్లీమీటర్లు. అసలు విమానంలో కత్తివాదరలా ఉండే అంచు మన మోడల్లో తలుపు చెక్కంత మందమైపోయింది. కాక్‌పిట్ మీది కనోపీ ఒక మిల్లీమీటరు మందముంటే, అది ఏడు సెంటీమీటర్ల అద్దంతో సమానం. ఇక పైలట్ భుజం పట్టీ వెడల్పు నిజంలో నాలుగైదు సెంటీమీటర్లు. మోడల్లో అది ముప్పాతిక మిల్లీమీటరు లోపే ఉండాలి, మందం వెంట్రుకంత ఉండాలి. ప్లాస్టిక్‌లో అది సాధ్యం కాదు. సీటు మీద చిన్న ఉబ్బుగా పోసి వదిలేస్తారు. ఇత్తడి రేకు అవసరం ఇక్కడ వస్తుంది.

ఈ రేకులోని ఆకారాలు కత్తితో కోసినవి కావు. ఇత్తడి మీద వెలుతురుకి గట్టిపడే పూత పూసి, దాని మీద బొమ్మను అచ్చు వేస్తారు. పూత నిలిచినచోట లోహం నిలుస్తుంది. మిగతాచోట రసాయనం తినేస్తుంది. రెండు వైపులా తిన్నచోట ఖాళీ ఏర్పడుతుంది. ఒకవైపే సగం లోతు తిన్నచోట మడత గీత పడుతుంది. దీన్ని ఫొటో ఎచింగ్ అంటారు. అప్పటి చెకోస్లొవేకియాలో 1989లో మొదలైన ఎడువార్డ్ కంపెనీ ఈ రేకులతోనే పేరు తెచ్చుకుంది. తర్వాత సొంత కిట్లు కూడా చేసింది. వాళ్ల మిగ్-21 కిట్లు మన దేశపు మోడలర్లందరికీ తెలిసినవే.

ఆ భుజం పట్టీ సీటు మీదికి ఎలా ఎక్కుతుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. రేకును గాజు పలక మీద పెట్టుకోవాలి. మెత్తటి మ్యాట్ మీద పెడితే కత్తి నొక్కగానే రేకు వంగిపోతుంది. కొత్త బ్లేడుతో, చట్రానికి అతుక్కున్న చిన్న బొడిపెను నిలువుగా నొక్కి తెంచాలి. తెంచేటప్పుడు భాగం మీద పుల్లో వేలో ఆనించి ఉంచాలి. లేకపోతే చిటుక్కున ఎగిరిపోతుంది, గదంతా వెతికినా దొరకదు. అంచున మిగిలిన మొనను ఉప్పుకాగితం మీద రెండుసార్లు రాయాలి. తర్వాత శ్రావణంతో పట్టుకుని కొవ్వొత్తి మంటకు ఒక్క క్షణం చూపితే ఇత్తడి మెత్తబడుతుంది. కంసాలి తీగను కాల్చి మెత్తబరిచే పద్ధతే ఇది. ముందే రంగు అచ్చు వేసిన రేకైతే మాత్రం మంట చూపకూడదు, రంగు మాడిపోతుంది.

మెత్తబడ్డ పట్టీని అగ్గిపుల్ల మీద చుట్టి వంపు తేవాలి. లోహం గుడ్డలా వాలాలి: సీటు వీపు మీంచి జారి, అంచు దగ్గర కాస్త మెలి తిరిగి, కొస పక్కకు పడి ఉండాలి. పైలట్ ఇప్పుడే దిగి వెళ్లాడు అన్నట్టుండాలి. ఫెవిక్విక్ చుక్క ఒకటి గాజు మీద వేసి, గుండుసూది మొనతో రవ్వంత ఎత్తి, పట్టీ పై కొసకు మాత్రమే తాకించాలి. అది పట్టుకున్నాక రెండో కొస సంగతి చూడాలి. ఈ ఒక్క సీటుకు అలాంటివి నాలుగైదు పట్టీలు. పని అయ్యేసరికి ఒక సాయంత్రం గడిచిపోతుంది.

రెండో రకం భాగాలు రెజిన్‌వి. సిలికాన్ రబ్బరు అచ్చులో రెజిన్ పోసి తీస్తారు. రబ్బరు సాగుతుంది కాబట్టి ఉక్కు అచ్చులో రాని లోతులు, మెలికలు ఇందులో వస్తాయి. పూర్తి కాక్‌పిట్, సీటు, చక్రాలు, ఇంజను గొట్టం రెజిన్‌లో దొరుకుతాయి. ఇక్కడొక హెచ్చరిక. రెజిన్ పొడి ఊపిరితిత్తులకు చేటు. రంపంతో కోసేటప్పుడు, రుద్దేటప్పుడు నీళ్లతో తడపండి. ముక్కుకి మాస్క్ కట్టుకోండి. చిన్నపిల్లలున్న గదిలో ఆ పని పెట్టుకోకండి.

మూడో రకం లేతు మీద తిప్పిన ఇత్తడి భాగాలు. పోలెండ్‌కు చెందిన మాస్టర్ అనే కంపెనీ వీటికి ప్రసిద్ధి. ముక్కు ముందుకు సూదిలా పొడుచుకొచ్చే పిటో గొట్టం, తుపాకీ గొట్టాలు ఇందులో వస్తాయి. మిగ్-21 కట్టినవాళ్లకు వీటి విలువ తెలుసు. ప్లాస్టిక్ పిటో చొక్కా చేయి తగిలినా విరుగుతుంది. ఇవికాక కాక్‌పిట్ డయళ్లు ఉబ్బెత్తుగా అచ్చయిన త్రీడీ ప్యానెళ్లు ఈ మధ్య వచ్చాయి. కనోపీకి రంగు వేసేటప్పుడు అతికించే మాస్కులున్నాయి. నీళ్లలో నానబెట్టి జార్చే డెకాల్స్ ఉన్నాయి. డబ్బుంటే చాలు, ఏదైనా దొరుకుతుంది.

ఇక్కడికి వచ్చాక అసలు సంగతి చెప్పాలి. దొరికేదల్లా మన విమానానికి సరిపోతుందా?

మిగ్-21 మన వైమానిక దళంలోకి 1963లో వచ్చింది. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. ఆ 62 ఏళ్లలో ఒకే పేరుతో ఎన్నో రకాలు ఎగిరాయి. మన హెచ్‌ఏఎల్ నాసిక్‌లో వీటిని వందల్లో తయారుచేసింది. ఎఫ్ఎల్ రకాన్ని మనవాళ్లు టైప్ 77 అనేవారు. ఎం రకం టైప్ 96. బిస్ రకం టైప్ 75. పేరు ఒకటే అయినా మనుషుల్లో అన్నదమ్ములు వేరైనట్టు వేరు.

నేను టైప్ 77 ఒకటి కట్టాను. సీటు కోసం మంచి రెజిన్ భాగం తెప్పించాను. పొట్లం మీద మిగ్-21 సీటు అనే రాసుంది. పట్టీలు, హెడ్‌రెస్ట్, పక్కన ఎర్ర పిడులు చాలా శ్రద్ధగా చేశారు. వాటికి రంగు వేయడానికే నాలుగు రోజులు పట్టింది. సీటు కనపడాలని కనోపీని కుడిపక్కకు తెరిచి అతికించాను. మా కాలనీలో వైమానిక దళంలో టెక్నీషియన్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఆయనకు తీసుకెళ్లి చూపించాను. మోడల్‌ను అరచేతిలో పెట్టుకుని, కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"రంగు బాగా కుదిరింది బాబూ. కానీ ఇది సెవెన్టీ సెవెన్ కదా. దీని కనోపీ పక్కకు తెరుచుకోదు. బందులు ముందుంటాయి, వెనకపక్క పైకి లేస్తుంది. సీటు కూడా ఇది కాదు" అన్నారు.

కారణం కూడా ఆయనే చెప్పారు. ఆ పాత రకంలో పైలట్ ఎజెక్ట్ అయినప్పుడు కనోపీ సీటుతోపాటు బయటికి వచ్చి, ఎదురుగాలి దెబ్బ తగలకుండా అతనికి డాలులా అడ్డుపడుతుంది. అందుకే ఆ సీటు, ఆ కనోపీ జతగా ఉంటాయి. తర్వాతి రకాల్లో కేఎం-1 అనే కొత్త సీటు వచ్చింది, కనోపీ పక్కకు తెరుచుకోవడం మొదలైంది. నేను పెట్టిన సీటు ఆ కొత్తది. అంటే నా మోడల్లో అతి శ్రద్ధగా చేసిన భాగమే అతి పెద్ద తప్పు. ఒక్క ఫొటో చూసి ఉంటే తెలిసిపోయేది.

ఆ రోజు నుంచి నేను రకం తేల్చుకోకుండా ఏ భాగమూ కొనలేదు. టైప్ 77కు వీపు సన్నగా ఉంటుంది, బిస్‌కు లావుగా ఉంటుంది. 77కు రెక్కల కింద ఆయుధాలు తగిలించే పైలాన్లు రెండు, బిస్‌కు నాలుగు. 77లో పిటో గొట్టం ముక్కు మీద నడిమధ్యన, తర్వాతివాటిలో కాస్త కుడికి. 77కు లోపల ఫిరంగి లేదు, కావాలంటే పొట్ట కింద విడిగా తగిలించేవారు. ఈ నాలుగూ తెలిస్తే ఫొటోలో దూరాన నిలబడ్డ విమానం ఏ రకమో మీరే చెప్పేయగలరు.

పెట్టె మీది పేరును నమ్మి మోసపోయే సందర్భం ఇంకొకటి ఉంది. నాట్ విమానం. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీదికి వచ్చిన సేబర్ జెట్లను ఒంటరిగా ఎదిరించి ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ ప్రాణమిచ్చింది నాట్‌లోనే. వైమానిక దళంలో పరమవీర చక్ర పొందినవారు ఇప్పటికీ ఆయనొక్కరే. ఆయన గుర్తుగా నాట్ కట్టాలని ఎందరికో ఉంటుంది. దుకాణంలో ఏళ్ల తరబడి దొరుకుతూ వచ్చిన ఎయిర్‌ఫిక్స్ నాట్ కిట్టు మాత్రం బ్రిటన్ వాడిన రెండు సీట్ల శిక్షణ విమానం. రెడ్ యారోస్ బృందం 1965లో విన్యాసాలు మొదలుపెట్టింది దానితోనే. సెఖోన్ నడిపింది ఒంటి సీటు ఫైటర్. శిక్షణ విమానం రెక్కల వెడల్పు 24 అడుగులు, ఫైటర్‌ది 22 అడుగుల చిల్లర. పొడవులోనూ తేడా ఉంది. 1/72లో రెక్కల తేడా దాదాపు 8 మిల్లీమీటర్లు. పది సెంటీమీటర్లు కూడా లేని రెక్కల్లో అది చాలా పెద్ద తేడా. ఎంత ఖరీదైన ఇత్తడి రేకు తగిలించినా ఆ కిట్టు సెఖోన్ విమానం కాదు. సరైన ఒంటి సీటు కిట్టు వెతుక్కోవాలి.

అదే 1971 డిసెంబరు 14న, దేశానికి తూర్పున సరిహద్దు దాటి, 28వ స్క్వాడ్రన్ మిగ్-21లు ఢాకాలో గవర్నర్ భవనం మీద దాడి చేశాయి. అవి టైప్ 77లే. అంతకుముందు మన మిగ్‌లు తళతళలాడే లోహపు రంగులోనే ఉండేవి. యుద్ధం దగ్గరపడ్డాక స్థావరాల్లోనే వాటికి మభ్యపెట్టే రంగులు పూశారు. కాబట్టి 1970లో తీసిన ఫొటో చూసి 1971 డిసెంబరు విమానానికి రంగు వేస్తే తప్పవుతుంది. ఫొటో చూడటం ఒక్కటే చాలదు. అది ఏ విమానం, ఏ నంబరు, ఏ సంవత్సరం అన్నది కూడా తెలియాలి. తేదీ లేని ఫొటో సగం సాక్ష్యమే.

ఈ సాక్ష్యాలు ఎక్కడ దొరుకుతాయి? ముందు పుస్తకాలు. భారత వైమానిక దళం విమానాల చరిత్రను 1933 నుంచి 1973 వరకు పుష్పిందర్ సింగ్ చోప్రా ఒక పుస్తకంగా తెచ్చారు. 1971 యుద్ధంలో వైమానిక దళం పాత్ర మీద పి.వి.ఎస్. జగన్ మోహన్, సమీర్ చోప్రా కలిసి రాసిన ఈగల్స్ ఓవర్ బంగ్లాదేశ్ 2013లో వచ్చింది. ఏ రోజు ఏ స్క్వాడ్రన్ ఎక్కడుందో తేల్చుకోవడానికి ఇలాంటివి కావాలి. విమానం భాగాలను దగ్గరనుంచి చూపే వాక్ అరౌండ్ తరహా పుస్తకాలు వేరే ఉన్నాయి. స్కేలు డ్రాయింగులు వాడేటప్పుడు ఒక జాగ్రత్త పాటించండి. ముందు స్కేలు పెట్టి రెక్కల వెడల్పు కొలవండి. మిగ్-21 రెక్కల వెడల్పు 7.15 మీటర్లు. 1/72 డ్రాయింగులో అది పది సెంటీమీటర్లకు ఒక వెంట్రుకవాసి తక్కువగా రావాలి. ఆ ఒక్క కొలతే తప్పితే మిగతా గీతలను నమ్మొద్దు.

తర్వాత మ్యూజియంలు. ఢిల్లీలో పాలం, బెంగళూరులో హెచ్‌ఏఎల్ వారిది, గోవాలో నౌకాదళ విమానాలది ఉన్నాయి. మన విశాఖ బీచ్ రోడ్డు మీద టీయూ-142 ఉంది. 1988 నుంచి 2017 దాకా నౌకాదళంలో సముద్రాన్ని కాపలా కాసిన విమానమది. 2017 మార్చిలో అరక్కోణం దగ్గర ఐఎన్ఎస్ రాజాళిలో విరమణ పొంది, అదే ఏడు డిసెంబరు నాటికి విశాఖలో మ్యూజియం అయింది. రెక్కల వెడల్పు 50 మీటర్లు. 1/72లో కడితే దాదాపు 70 సెంటీమీటర్లు, మన ఇంటి బీరువాలో పట్టదు. ఒక్కో ఇంజనుకు ఒకదాని వెనక ఒకటి, ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు. ఆ రెండింటి రెక్కలు ఒకే వైపు మెలి తిరిగి ఉండవు. కిట్టులో కంగారుగా అతికిస్తే ముందుది వెనక, వెనకది ముందు పడిపోతాయి. అక్కడ నిలబడి ఒక్కసారి కళ్లారా చూసినవాడు ఆ తప్పు చేయడు.

అయితే మ్యూజియం విమానాన్నీ గుడ్డిగా నమ్మకూడదు. రంగు మళ్లీ వేసి ఉంటారు. హైడ్రాలిక్ ఒత్తిడి పోయి చక్రాల తలుపులు, ఫ్లాప్స్ కిందికి వాలిపోతాయి. పని చేసే రోజుల్లో నేల మీద అవి అలా ఉండేవో లేదో పాత ఫొటోలో చూసుకోవాలి. పరికరాలు తీసేసినచోట రేకు మూతలు బిగిస్తారు. కాబట్టి ఆకారానికి మ్యూజియాన్ని, రంగుకూ గుర్తులకూ ఆనాటి ఫొటోను ఆధారం చేసుకోండి. ఫొటోలు తీసేటప్పుడు విమానం మొత్తం ఒకటి తీసి, అక్కడినుంచి దగ్గరికి జరుగుతూ తీయండి. దగ్గరి ఫొటో ఒక్కటే ఉంటే ఆరు నెలల తర్వాత ఆ గొట్టం ఎక్కడిదో మీకే గుర్తుండదు. పనిచేస్తున్న స్థావరాల దగ్గర మాత్రం కెమెరా బయటికి తీయకండి. అది నిషేధం, అలా ఉండడమే సబబు.

కొత్తగా మొదలుపెట్టే పిల్లలకు ఖర్చు గురించి రెండు మాటలు. విడిభాగాల ఖర్చు కిట్టు ధరను దాటిపోవడం ఈ పనిలో మామూలే. అంత అక్కర్లేదు. కనోపీ మూసి ఉంచేట్టయితే కాక్‌పిట్ సెట్టు కొనకండి, లోపల ఏమీ కనిపించదు. తెరిచి ఉంచేట్టయితే మంచి సీటు ఒక్కటి కొనండి, చూసేవాళ్ల కన్ను ముందు పడేది దాని మీదే. సీటు పట్టీలు ఇంట్లోనే చేసుకోవచ్చు. మందుబిళ్లల స్ట్రిప్పు వెనక ఉండే పల్చని రేకు అందుకు చక్కగా పనికొస్తుంది. కిట్టు చట్రంలో మిగిలిన ప్లాస్టిక్ కడ్డీని పెద్దవాళ్లను దగ్గర పెట్టుకుని కొవ్వొత్తి మీద వేడి చేసి లాగితే వెంట్రుకంత తీగ వస్తుంది, అదే యాంటెన్నా. పాత ఇయర్‌ఫోను వైరులోని రాగిపోగులు చక్రాల దగ్గరి బ్రేకు గొట్టాలవుతాయి. మంచి ఫొటో ముందుంటే ఈ మూడింటితో చేసిన పని, ఫొటో లేకుండా కొన్న ఇత్తడికన్నా నిజంగా ఉంటుంది.

నా టైప్ 77 సంగతి చెప్పి ముగిస్తాను. ఆ పెద్దాయన తన ఆల్బమ్ తెచ్చి చూపించారు. కనోపీ ముందుకు లేచి ఉన్న విమానం పక్కన యూనిఫాంలో నిలబడ్డ పాతికేళ్ల కుర్రాడు, ఆయనే. ఆ ఫొటో చూస్తూ సీటు విప్పి తీసేశాను, పాత రకం సీటు ప్లాస్టిక్ రేకుతో చేసుకున్నాను, కనోపీని ముందు బందుల మీద నిలబెట్టాను. ఆయన మళ్లీ చూసి, "ఇప్పుడు మా బండి" అన్నారు. పాతికేళ్లు దాని కింద పడుకుని పనిచేసిన మనిషి నోట ఆ మాట వచ్చింది. అంతకు మించిన బహుమతి నాకు ఏ పోటీలోనూ దొరకలేదు.

మిగ్‌లు దిగిపోయాయి. నాట్‌లు ఎప్పుడో దిగిపోయాయి. వాటిని నడిపినవాళ్లు, బాగుచేసినవాళ్లు మన ఊళ్లలో, మన వీధుల్లో ఉన్నారు. మీ ఇంట్లో వైమానిక దళంలోనో నౌకాదళంలోనో పనిచేసిన తాతగారో, బాబాయిగారో, మామయ్యగారో ఉంటే ఈ ఆదివారం వాళ్ల ఆల్బమ్ బయటికి తీయించండి. పక్కన కూర్చుని అడగండి: ఇది ఏ ఊరు, ఏ సంవత్సరం, ఈ విమానం నంబరెంత, ఈ పక్కన నిలబడ్డదెవరు? చెప్పినది చెప్పినట్టు ఫొటో వెనక పెన్సిల్‌తో రాసిపెట్టండి. పెన్నుతో వద్దు, సిరా ముందువైపుకు దిగుతుంది.